మార్త ఎడమచెవి మీద విచారణ

మనుషులు ఎదురుపడినప్పుడు ముందు మొహం చూసుకోవడం చాలా పాత ఆచారం. అది ఎప్పుడు మొదలైందో చెప్పే శాసనం ఇంతవరకు ఎక్కడా బయటపడలేదు. పామర్రుకు రెండు మైళ్ళ అవతల ఉన్న పేటలో ఆ ఆచారం రద్దయిన తేదీ మాత్రం పక్కాగా తెలుసు. 1965 మార్చి నెల, రెండో ఆదివారం, పొద్దున పదిగంటల వేళ. రద్దు చేసింది జీవరత్నం. ఆమె ఆ పేట ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టే టైలరు.

ఆనాటి నుంచి జీవరత్నం ఎవరిని చూసినా ముందు చెవులు చూసేది. తర్వాత మెడ. మొహం దాకా రావడానికి తీరిక ఉంటే వచ్చేది, లేకపోతే లేదు. పోస్టుమాను పెళ్ళాం పుట్టింటికి వెళ్ళిందని ఎవరో చెబితే, “ఎవరూ, ఎర్రరాళ్ళ కమ్మలావిడా?” అని అడిగింది. ఆ ఇల్లాలి ముక్కూ మొహం ఎలా ఉంటాయో పదేళ్ళ పరిచయంలో ఆమె గమనించనే లేదు.

ఆ ఆదివారం నాడు జరిగింది ఇదీ. జీవరత్నం, ఆమె తమ్ముడి భార్య మార్త, మరో నలుగురు ఆడవాళ్ళు కొత్తగా వెలసిన ప్రార్థన సంఘంలో చేరి, కాలవలో మునిగి బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఘం కట్టడి ప్రకారం నీళ్ళలో దిగేవాళ్ళ ఒంటిమీద బంగారం ఉండకూడదు. గట్టెక్కిన తర్వాతా ఉండకూడదు, బతికినన్నాళ్ళూ. జీవరత్నం కాలవ గట్టు మీద నిలబడి, అమ్మమ్మ నాటి జూకాలూ, వాటి బరువు మోసే మాటీలూ ఒక్కొక్కటే విప్పి పాస్టరు ఇశ్రాయేలుగారు పట్టిన చేతిరుమాల్లో వేసింది. అందరూ చూశారు. అందరూ చూస్తున్నారో లేదో ఆమె కూడా చూసుకుంది. ఆ రుమాల్లోవి తర్వాత ప్రార్థన మందిరం కప్పుకి రేకులయ్యాయి. వాన పడితే ఆ రేకుల చప్పుడుకి వాక్యం వినబడక జనం విసుక్కునేవాళ్ళు. జీవరత్నం ఒక్కతే తలెత్తి, తన జూకాలు మోగుతున్నట్టు శ్రద్ధగా వినేది.

మార్త మాత్రం ఆ రోజు బోసి చెవులతో వచ్చింది. ఆమె ఎడమచెవి తమ్మె అప్పటికే రెండుగా చీలి ఉంది. పెద్దపిల్ల పాలు తాగే వయసులో జూకా పట్టుకుని వేలాడితే తెగింది. తెగిన చెవికి నగ ఎందుకని రెండు జూకాలూ అమ్మి గేదెను కొన్నామని చెప్పింది. ఆ అమ్మకం జీవరత్నం చూడలేదు. చూడనిదాన్ని ఆమె నమ్మేది ఒక్క దేవుడి విషయంలోనే. గేదెను చూసింది, నిజమే. తొమ్మిదేళ్ళుగా దాని పాలే పోయించుకుంటోంది. అయినా ఆ గేదెకూ ఆ జూకాలకూ సంబంధం ఉన్నట్టు ఆమె దృష్టిలో రుజువు కాలేదు.

ఆమె బాధ ఊరికే పుట్టింది కాదు. మార్త జూకాలు ఏ బియ్యం డబ్బా అడుగునో భద్రంగా ఉండి, ఎప్పుడో ఒకనాడు మళ్ళీ చెవులకెక్కాయనుకోండి. అప్పుడు వానలో తను ఇన్నాళ్ళూ విన్నది భక్తి కాకుండా పోతుంది, ఒట్టి వెర్రితనం అవుతుంది. పరలోకంలో తీర్పుకి ఇంకా వ్యవధి ఉంది. పేటలో ఆడవాళ్ళు ఆ సాయంత్రానికే తేల్చేస్తారు.

ఇలా ఉండగా 1974 ఆగస్టులో ఒక ఆదివారం, మార్త ఎడమచెవికి తెల్లటి ప్లాస్టరుతో ఆరాధనకు వచ్చింది.

“చూశారా?” అంది జీవరత్నం ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే.

ఆమె భర్త పుల్లయ్య లాకుల దగ్గర లస్కరు. కాలవ నీటిని ఎంత వదలాలో అంతే వదిలే ఉద్యోగం. మాటలు కూడా అలాగే వదులుతాడు.

“ఏం చూడాలి?”

“మార్త చెవికి ప్లాస్టరండీ. ఎడంచెవికి.”

“దెబ్బ తగిలిందేమో.”

“దెబ్బ తగిలినవాళ్ళు పదిమందికీ చూపించుకుంటారు. ముసుగు బుగ్గల దాకా లాక్కుంటారా?”

“ప్రార్థనలో ముసుగెయ్యనిదెవరే?”

“మందిరం దాటి వంతెన దాకా వచ్చినా తియ్యలేదు. మన పక్కింటి ముత్యాలు పలకరిస్తే మొహమొక్కటే తిప్పింది, చెవి తిప్పలేదు.”

పుల్లయ్య కాసేపు ఆలోచించాడు. చెవి తిప్పకుండా మొహం తిప్పడం ఎలాగో ఆయనకు అంతుపట్టలేదు.

“మూడిళ్ళ అవతలేగా. వెళ్ళి అడిగితే పోలా?”

“అడుగుతారా ఎవరన్నా? అడిగితే ఏదో ఒకటి చెబుద్ది. చెప్పాక నమ్మాల్సొస్తది.”

జీవరత్నం విచారణ పద్ధతి ఇది. సాక్షుల్ని అడగవచ్చు, చుట్టాల్ని అడగవచ్చు, దారినపోయేవాళ్ళని అడగవచ్చు. ఎవరి మీద అనుమానమో వాళ్ళని మాత్రం అడగకూడదు. ఈ పద్ధతిలో ఆమె ఇదివరకు రెండు కోడిపెట్టల కేసులూ, ఒక కిరసనాయిలు సీసా కేసూ విచారించింది. మూడింట్లోనూ దొంగ దొరకలేదు గాని, అనుమానం మాత్రం ఈనాటికీ చెక్కుచెదరకుండా ఉంది.

మొదటి సాక్షి ఆమె తమ్ముడు. వాడికి తను సాక్షినని తెలియదు. చొక్కాకి గుండీ కుట్టించుకోవడానికి వచ్చి, తనంతట తానే చెప్పేశాడు.

“బెజవాడ తీసుకెళ్ళానక్కా. గవర్నర్‌పేటలో డాక్టరుగారు కుట్లేశాడు. మూణ్ణెల్లు దాని జోలికి పోవద్దన్నాడు.”

“మూణ్ణెల్ల తర్వాత?”

“తర్వాతేముంది? మానిపోద్ది.”

జీవరత్నం గుండీ కుడుతూ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు. ఆ తర్వాత వచ్చేది డిసెంబరు. డిసెంబరులో వచ్చేది క్రిస్మస్. కొత్త చీర, కొత్త జాకెట్టు, ఆ రెంటికీ తగ్గట్టు… ఆమె పంటితో దారం తెంపింది. గుండీ ఎంత గట్టిగా పడిందంటే, ఆ చొక్కా చిరిగి పీలికలైన తర్వాత కూడా ఆ గుండీ ఊడలేదు.

నవంబరు ఆఖర్లో మార్త స్వయంగా వచ్చింది, పండక్కి జాకెట్టు కుట్టించుకోవడానికి. ప్లాస్టరు లేదు. జడ కుడిభుజం మీదుగా ముందుకు వేసుకుని, చేతులు చాపి నిలబడింది. జీవరత్నం టేపు పట్టుకుని ఆమె వెనక్కి చేరింది. జాకెట్టు కొలతకి మెడ దగ్గర అంతసేపు అక్కర్లేదు.

పనితనం గొప్పగా ఉంది. అది ఒప్పుకోక తప్పలేదు. పదమూడేళ్ళుగా కాజా తెరిచినట్టు రెండుగా వేలాడిన తమ్మె ఇప్పుడు ఒకటే ముక్క. మధ్యలో నిలువుగా వెంట్రుకంత గీత. ఎక్కడా ముడత లేదు, లాగుడు లేదు. అంచుకి అంచు సరిగ్గా కలిసింది. తన దగ్గర నాలుగేళ్ళు పని నేర్చుకున్న పిల్ల కూడా ఇంత శుభ్రంగా అతుకు వెయ్యలేదు. ఇంత ఖరీదైన పని ఎవరైనా ఊరికే చేయించుకుంటారా?

“మెడ కొంచెం కిందకి పెట్టమంటావా? మెడలో ఏమన్నా వేసుకునేదుంటే కనబడద్ది,” అంది జీవరత్నం, గాలం వేస్తూ.

“మెడలోనా?” మార్త నవ్వింది. “మెడలో ఏముంది వదినా, చెమట తప్ప. మామూలుగానే పెట్టు.”

“చెవి బాగానే కుదిరిందే.”

“బాగానే కుట్టాడులే. దుమ్ము పడకుండా చూసుకోమన్నాడు.”

ఆ మాటతో జీవరత్నం మనసులో మిగిలిన కాస్త సందేహం కూడా సందేహంగా ఉండటం మానేసి నమ్మకంగా మారింది. దుమ్ము పడకుండా చూసుకునేది దేన్ని? దాచుకున్నదాన్ని.

మర్నాడే ఆమె లైనింగు గుడ్డ కొనాలని పుల్లయ్యను వెంటబెట్టుకుని బెజవాడ బస్సెక్కింది. లైనింగు గుడ్డ పామర్రులోనూ దొరుకుతుంది. ఆ సంగతి పుల్లయ్యకు తెలుసు. అయినా టిక్కెట్లు తీశాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన గ్రహించింది ఏమిటంటే, ఎగువన వరద వస్తున్నప్పుడు లాకు తలుపులు ఎత్తేయడమే లస్కరుకి క్షేమం.

డాక్టరు రామకోటేశ్వరరావుగారి గది గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పక్క మేడ మీద ఉంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, “ఏమ్మా, ఏమిటి బాధ?” అన్నాడు.

“చెవండి.”

“ఏ చెవి?”

ఈ ప్రశ్నకు ఆమె సిద్ధపడి రాలేదు. “రెండూనండి,” అంది.

డాక్టరుగారు దీపం దగ్గరకి లాక్కుని చూశాడు. “తమ్మెలు చీలలేదే. కొద్దిగా సాగాయి. బరువైన నగలు పెట్టేవారా?”

“తొమ్మిదేళ్ళ కిందటే తీసేశానండి. ప్రభువు కోసం.”

“తొమ్మిదేళ్ళా?” ఆయన మళ్ళీ వంగి చూశాడు. “తొమ్మిదేళ్ళు ఖాళీగా ఉంటే బెజ్జాలు సూది కూడా పట్టనంత సన్నబడిపోవాలమ్మా. ఇవి నిన్న తీసినట్టున్నాయి. లోపల ఏదో ఉంది కూడానూ.” పటకారు లాంటిది ఒకటి తీసుకుని, కుడిచెవిలోంచి ఏదో లాగి, తెల్లటి పళ్ళెంలో పెట్టాడు. తర్వాత ఎడమచెవిలోంచి ఇంకొకటి.

రెండు చీపురుపుల్ల ముక్కలు. వడ్లగింజంత పొడవున, రెండూ సమానంగా కత్తిరించి ఉన్నాయి.

పుల్లయ్య గోడ మీది క్యాలెండరులో ఆ నెల అమావాస్య ఎప్పుడో భక్తిగా వెతకసాగాడు.

“దురదకండి,” అంది జీవరత్నం.

“రెండు చెవులకీ ఒక్కచోటే పుట్టిందా దురద?”

“జంట చెవులు కదండీ.”

నిజానికి బెజ్జం పూడుకుపోకుండా పుల్ల పెట్టుకోవడం ఆ వైపు ఆడపిల్లలందరూ చేసేదే, నగ చేయించేదాకా. జీవరత్నం పడుకోబోయే ముందు పెట్టుకుని, తెల్లవారగానే తీసేసేది. ఆ పొద్దున బస్సు తొందరలో మరిచిపోయింది. ఏ నగ కోసం ఆ పుల్లలు అని ఆమెను ఎవరూ అడగలేదు. పేటలో అందరి చెవులనూ విచారించిన ఆమె ఈ రెంటినీ మాత్రం ఏనాడూ విచారించలేదు. అందుకే, పళ్ళెం వంక చూడకుండా, చటుక్కున తను వచ్చిన పని మీద పడింది.

“అది పోనీండి. చీలిన తమ్మె అతికించుకుంటారే, అది ఎలా చేస్తారండి?”

డాక్టరుగారికి తన పని గురించి చెప్పడం ఇష్టం. “చీలిక అంచులు పాతబడి, మానిపోయి ఉంటాయి కదా. అలాగే దగ్గరకి చేర్చి కుడితే అతకదు. రెండంచులూ సన్నగా కోసేసి, పచ్చిగాయం చేసి, అప్పుడు కుట్టాలి. వారానికి కుట్లు తీసేస్తాం.”

జీవరత్నంలోని టైలరు తలూపింది. పీలికలైన అంచు కత్తిరించకుండా అతుకు నిలవదని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. మిగతా జీవరత్నం మాత్రం ఇంకా ముందుకు వంగింది.

“ఇంత బాధపడి దేనికండీ అతికించుకోవడం?”

“మళ్ళీ నగ పెట్టుకోవడానికి. ఇంకెందుకొస్తారమ్మా నా దగ్గరకి? మూడు నెలలాగి, గీత మీద కాకుండా పక్కన కొత్త బెజ్జం వేయించుకోమంటాను.”

“అందరికీ ఇదే చెబుతారా?”

“అందరికీ ఇదే.”

“ఆగస్టులో మా పామర్రు వైపు నుంచి ఒకావిడ…”

“ఒకళ్ళ చెవి సంగతి ఇంకొకళ్ళ చెవిలో వెయ్యనమ్మా,” అన్నాడు డాక్టరుగారు, కళ్ళజోడు తీసేస్తూ.

తిరుగు బస్సు ఉయ్యూరు దాటింది. పుల్లయ్య కిటికీలోంచి చెరుకు బళ్ళను చూస్తూ, “మనింట్లో చీపురు అంత తొందరగా ఎందుకు పలచబడద్దో ఇన్నాళ్ళూ తెలీలేదు,” అన్నాడు.

“లైనింగు గుడ్డ కొనడం మర్చిపోయాం,” అంది జీవరత్నం.

డిసెంబరు మూడో శనివారం సాయంత్రం సంఘపెద్దలు ప్రార్థన మందిరంలో కూర్చున్నారు. అంటే పాస్టరు ఇశ్రాయేలుగారూ, సంఘపెద్ద బసవయ్యా. మర్నాడు ప్రభువు బల్ల, అంటే సంఘమంతా కూర్చుని రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన. ఆ బుధవారం క్రిస్మస్. జీవరత్నం వాళ్ళ ముందు చాప మీద కూర్చుంది. వద్దన్నా వెంట తెచ్చుకున్న భర్త గుమ్మం దగ్గర కూర్చున్నాడు.

“నాకు ఎవరి మీదా కక్ష లేదండి అయ్యగారూ,” అని మొదలుపెట్టింది ఆమె. కక్ష లేదని చెప్పడానికి పావుగంట పట్టింది. అందులో ప్లాస్టరు వచ్చింది, ముసుగు వచ్చింది, మూడు నెలల గడువు వచ్చింది. చివర, “చెవి అతికించుకునేది నగ పెట్టుకోవడానికే, ఇంకెందుకొస్తారు అని బెజవాడ డాక్టరుగారే నోటితో చెప్పాడండి. కావాలంటే మా ఆయన్నడగండి,” అంది.

“అన్నాడండి,” అన్నాడు పుల్లయ్య. “ఇంకా చాలా అన్నాడు.”

జీవరత్నం వెనక్కి తిరిగి చూసింది. పుల్లయ్య ఇంక తలుపులు ఎత్తలేదు.

బసవయ్య గడ్డం గోక్కున్నాడు. “ఇంతకీ ఆ అమ్మాయి చెవులకి ఏమీ లేదుగా?”

“ఇయ్యాళ లేదు బాబాయ్. పండక్కి ఇంకా నాలుగు రోజులుందిగా.”

ఇశ్రాయేలుగారు మెత్తని మనిషి. మెత్తని మనుషులకు కట్టడి తప్పిన సంగతి వింటే ముందు భయమేస్తుంది, తర్వాత కోపం వస్తుంది. “కొత్త బెజ్జం గనక ఉంటే, రేపటి బల్లకి మార్త దూరంగా కూర్చోవలసిందే. క్రిస్మస్ బల్లకి కూడా. సంఘం ముందు ఒప్పుకునేదాకా అంతే,” అన్నాడు. “పిలిపించండి.”

మార్త కోత కోసి అప్పుడే వచ్చినట్టుంది. కాళ్ళకి బురద, కొంగు నడుముకి బిగించి ఉంది. గుమ్మం బయట కాళ్ళు కడుక్కుని, లోపలికొచ్చి తల మీదకి కొంగు లాక్కుని, “వందనాలండి అయ్యగారూ,” అంది. ఎందుకు పిలిచారో ఆమెకు తెలియదు. జీవరత్నాన్ని చూసి చిన్నగా నవ్వింది కూడా.

“అమ్మా, ఒకసారి ముసుగు తియ్యి. నీ చెవులు చూడాలి,” అన్నాడు ఇశ్రాయేలుగారు.

మార్త తెల్లబోయింది. వదినగారి వంక చూసింది, బసవయ్య వంక చూసింది. కొంగు వెనక్కి వేసి, జడ వీపు మీదకి నెట్టి నిలబడింది. బసవయ్య పెట్రోమాక్సు లైటు దగ్గరకి పట్టుకొచ్చాడు.

ఎడమచెవి. వెంట్రుకంత గీత. బెజ్జం లేదు. పక్కనా లేదు, పైనా లేదు.

“కుడిచెవి చూడండి,” అంది జీవరత్నం. ముసుగు చాటునా జడ చాటునా ఉండిపోయి ఇంతవరకు తన విచారణలో రాని ఆ చెవిని అప్పుడే గుర్తుచేసుకుంది.

కుడిచెవి చూశారు. అక్కడా ఒక గీత. పెళ్ళినాటి నుంచి ఉండాల్సిన బెజ్జం లేదు. పుట్టిన పిల్ల చెవిలా ఉంది.

ఇశ్రాయేలుగారు నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గొంతు ఆదివారం గొంతుగా మారింది.

“సోదరులారా! ఈమె చెవులు చూడండి. మనం నగలు తీశాం. తీసి, బెజ్జాలు ఉంచుకున్నాం. ఎందుకుంచుకున్నాం? ఏ ఆశతో ఉంచుకున్నాం? ఈ సోదరి ద్వారమే మూసేసింది! శరీరాన్ని కోయించుకుని మరీ మూసేసింది! మనం తీర్పు తీర్చడానికి పిలిచాం. మనకే తీర్పు అయింది.”

“స్తోత్రం,” అన్నాడు బసవయ్య, లైటు కిందపెట్టి.

“రేపు బల్ల దగ్గర ఈమె మొదట కూర్చుంటుంది. రేపు ఈమె సాక్ష్యం, పండగనాడు ఈమె సాక్ష్యం. జనవరిలో మహాసభల్లో కూడా ఈమె సాక్ష్యమే. మన ఆడవాళ్ళందరూ విని, తమ చెవులు తాము పరీక్షించుకోవాలి.”

జీవరత్నం చెయ్యి తనకు తెలియకుండానే కొంగు పట్టుకుని రెండు చెవుల మీదకీ లాగింది. కప్పు మీది రేకుల వంక ఒకసారి చూసింది. తొమ్మిదేళ్ళపాటు ఆ మందిరంలో మొదటి త్యాగం అవి. ఇప్పుడు వాటికి రెండో స్థానం. మార్త తప్పు చేసి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది ఆమెకు. అలా అనిపించినందుకు లోలోపలే ప్రభువుకి క్షమాపణ చెప్పుకుంది. చెప్పుకున్నాక మళ్ళీ అదే అనిపించింది. గుమ్మం దగ్గర పుల్లయ్య తల వంచుకుని నేల వంక చూస్తున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ప్రార్థిస్తున్నాడనుకోవడానికి వీలుగానే ఉంది.

“చెప్పమ్మా మార్తా,” అన్నాడు ఇశ్రాయేలుగారు. “రేపు సంఘం ముందు చెప్పబోయేది మా ముందు ఒక్కసారి చెప్పు. ప్రభువు నీతో ఎప్పుడు మాట్లాడాడు? ఈ చెవులు మూయించుకోమని నిన్ను ఎలా ప్రేరేపించాడు?”

మార్త ఇబ్బందిగా కొంగు తలమీదకి లాక్కుంది.

“ప్రేరేపణ ఏం లేదండి అయ్యగారూ. రెండోది సాగిపోయిందని డాక్టరుగారే పనిలో పనిగా కుట్టేశాడండి. కొత్త బెజ్జం సంగతి చెబితే వద్దన్నాను. నాకు ఏటా నూర్పిళ్ళప్పుడు ఆ చీలికలో వడ్ల నూగు ఇరుక్కుని చీము పట్టేదండి.”